హైఫై లోకనాథం

మా బావను గుడియాత్తంలో హైఫై లోకనాథం అంటే తప్ప ఎవరూ గుర్తుపట్టరు. నెల్లూరుపేటలో నిలబడి లోకనాథం ఇల్లెక్కడ అని అడగండి, "ఏ లోకనాథం? రేషన్ కడ లోకనాథమా, హైఫై లోకనాథమా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. కడ అంటే మా వైపు అంగడి. ఇది ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు కాదు, ఆయనకు ఆయనే పెట్టుకున్నాడు. 1991లో వేరుశనగ పంట డబ్బంతా మూటగట్టుకుని మద్రాసు వెళ్ళి, భుజం మీద మోసే పెద్ద వీడియో కెమెరా కొనుక్కొచ్చాడు. దాని పక్కన వెండి రంగు ఇంగ్లీషు అక్షరాలతో హై-ఫై అని రాసి ఉండేది. దాని అర్థం ఈయనకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. అయినా బస్టాండు దగ్గర స్టూడియో పెట్టి, 'హైఫై వీడియో' అని అరవంలో బోర్డు రాయించాడు. ఎవరైనా అడిగితే "హైఫై అంటే ఉండేదాంట్లోకెల్లా పెద్దది" అని చెప్పేవాడు. నేనూ నమ్మాను.

ముందే చెప్పేస్తున్నాను, ఆయన మీద నాకు ముప్పై ఏళ్ళ కోపం. నా పేరు నళిని. ఆయన భార్య చిన్నమణికి సొంత చెల్లెల్ని. వేలూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై, బాగాయంలో ఉంటున్నాను. తరాలుగా అరవదేశంలో ఉన్న మా వాళ్ళలో తెలుగు మాట్లాడలేని మనిషి లేరు, తెలుగు చదవగలిగిన మనిషీ లేరు. నేను అమ్మమ్మ వాళ్ళింట్లో ఉండి చిత్తూరులో చదువుకున్నాను కాబట్టి నాలుగు అక్షరాలు వంటబట్టాయి. అందువల్ల బావ సంగతి రాసే పని నా మెడకు చుట్టుకుంది. ఇంకెవరైనా రాసి ఉంటే ఆయన్ను తెగ పొగిడి ఉండేవాళ్ళు.

నా కోపం ఎందుకో వినండి. ఆ రోజుల్లో పెళ్ళి వీడియో అంటే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ తామరపువ్వులో తిరగాలి, వెనక సినిమా పాట మోగాలి. పాటలు వేయడంలో బావను మించినవాడు మా చుట్టుపక్కల లేడు. ముహూర్తానికి ఒక పాట, భోజనాలకు ఒక పాట, అప్పగింతలకు ఏడుపు పాట. పెళ్ళిలో నిజంగా వినపడిన మాటలన్నీ తీసేసేవాడు. "జనం గోల ఎవరికి కావాల?" అనేవాడు. గిరాకీలకూ అదే కావాలి, అది వేరే విషయం. డబ్బున్నవాళ్ళది రెండు క్యాసెట్ల పెళ్ళి. ఒక క్యాసెట్‌లో తీసి, దాన్ని తామరపువ్వులతో, పాటలతో రెండో క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. మొదటి దాని మీద ఇంకొకరి పెళ్ళి తీసేవాడు. లేనివాళ్ళది ఒక క్యాసెట్ పెళ్ళి. తీసిన క్యాసెట్‌నే టీవీకి తగిలించి ఆడించే డెక్‌లో పెట్టి, దాని మీదే పాట వేసి ఇచ్చేసేవాడు. 1994లో నా పెళ్ళి అయింది. సొంత మరదలి దగ్గర డబ్బు తీసుకోలేడు కదా, అందుకని నాది ఒక క్యాసెట్ పెళ్ళి చేశాడు. తామరపువ్వు లేదు, ఏమీ లేదు. ఈ పిసినారితనం గురించి నేను చెప్పని చుట్టం లేడు.

అయితే అసలు కోపం పువ్వు లేనందుకు కాదు. అక్క పాట లేనందుకు.

మా వాళ్ళ పెళ్ళిళ్ళలో కుమ్మరి ఇంటి నుంచి రంగులు వేసిన అరివేణి కుండలు తలమీద పెట్టుకుని తెస్తారు. తెచ్చిన ఆడవాళ్ళు గడప ముందు ఆగుతారు. అప్పుడు పెళ్ళికూతురి పెద్దమ్మ పాట ఎత్తుకోవాలి. పాట పూర్తయ్యేదాకా కుండ తల దిగకూడదు. "మెల్లంగ దించవే మేనత్త, అరివేణి కుండ, మనవాళ్ళ మనసెల్ల నిండిన కుండ" అని మొదలై, ఆ ఇంటి పెద్దల పేర్లు, పోయినవాళ్ళవి కూడా, ఒక్కొక్కటే పాటలోకి వస్తాయి. పేరు పొడుగైతే రాగం సాగాలి, పొట్టిదైతే ఆగాలి. ఆ ఒడుపు అందరికీ చేతకాదు. అమ్మమ్మ మా అక్కకు నేర్పింది. నాకూ నేర్పబోయింది గానీ, నా గొంతు విని తనే మానుకుంది. పెద్దమ్మకు పాట రాని ఇళ్ళకు అక్కనే పిలుచుకుపోయేవాళ్ళు. పెళ్ళాం పాడేది, మొగుడు వీడియో తీసేవాడు. వారం తిరక్కముందే స్టూడియోలో ఆ పాటను చెరిపేసి దాని చోట డ్యూయెట్ పెట్టేవాడు. ఒకటా రెండా, పన్నెండేళ్ళు ఇదే వరస. అక్క ఏమీ అనేది కాదు. ఆమె ఎన్నడూ అడగలేదనే నేను అనుకున్నాను.

కాలం మారి, చేతిలో పట్టే చిన్న కెమెరాలొచ్చాక బావ స్టూడియో మూసేశాడు. పెద్ద కెమెరా ఎవరికో అమ్మేసి కొబ్బరితోట చూసుకుంటున్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు. నా కూతురు సుమితనే తమ కూతురనుకున్నారు. సెలవులంటే గుడియాత్తమే, జ్వరమొచ్చినా పెద్దమ్మే కావాలి దానికి. "నీ పెండ్లికి నేను పాడే పాటకు కుండ మోసేవాళ్ళకు మెడ నొప్పి పుట్టాల" అని అక్క దాన్ని చిన్నప్పటి నుంచీ ఆటపట్టించేది.

రెండేళ్ళ కింద అక్క గొంతులో గడ్డ లేచింది. వేలూరులో పెద్ద డాక్టర్లకు చూపించాం. గడ్డ గొంతు నరాన్ని అంటుకుని ఉంది, గడ్డ తీస్తే గొంతు తగ్గిపోతుందని ముందే చెప్పారు. ప్రాణం దక్కితే చాలని అందరం తల ఊపాం. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం గుసగుస అయిపోయింది. పక్కన కూర్చుంటే మాట తెలుస్తుంది, రాగం మాత్రం పలకదు. అక్క దాని గురించి ఒక్కసారి కూడా ఏడవలేదు. నేను ఏడ్చాను.

పోయిన ఏడాది జూలైలో, ఆడి మాసం మొదట్లో సుమితకు సంబంధం కుదిరింది. ఆవణి చివర్లో, అంటే సెప్టెంబరులో ముహూర్తం. అక్క ఇంట్లో కూర్చుని చీరల మాట అయ్యాక సుమిత అడిగింది.

"పెద్దమ్మా, నీ పాట ఎవరికైనా నేర్పు. అమ్మకే నేర్పు. పాట లేకుండా నేను ఒప్పుకోను."

అక్క లోపలికి వెళ్ళి పాత నోటుపుస్తకం తెచ్చింది. అందులో పాట మొత్తం అరవ అక్షరాలతో రాసి ఉంది. పేర్లు రావాల్సిన చోట ఖాళీలు వదిలింది. నేను చదివాను. మాటలన్నీ ఉన్నాయి, రాగం లేదు. అక్క నా చెవి దగ్గర పాడబోయింది. గాలి వచ్చింది, అంతే. కంచం మీద వేళ్ళతో తాళం వేసి చూపింది. తాళం దొరికింది గానీ రాగం ఎటు తిరుగుతుందో దొరకలేదు. పాతికేళ్ళుగా విన్న పాటే, అయినా నా నోట్లో అది లాలిపాటలా తయారైంది. పాడగలిగిన ముసలివాళ్ళు ఎవరూ మిగల్లేదు.

"రాగం ఎట్ల రాసేది నళినీ?" అంది అక్క. "వద్దులే. పాట లేకుండానే దించుకోండి."

సుమిత ఊరుకోలేదు. "పెద్దనాయనా, నువ్వు తీసిన క్యాసెట్లలో పెద్దమ్మ పాట ఉంటుంది కదా?"

బావ తల ఎత్తలేదు. అక్కే చెప్పింది, "యాడ ఉంటుందిమ్మా, అన్నీ సినిమా పాటలే కదా."

ఆమె మాటలో కోపం లేదు. ఉండి ఉంటే బావకు కొంచెం తేలికయ్యేదేమో. ఆయన కండువా దులుపుకుని తోటకు వెళ్ళిపోయాడు. నాకు మాత్రం మంటగా ఉంది. బాగా అయిందని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "నళినీ, అటక మీద నలభై క్యాసెట్లుండాయి. గిరాకీలు తీసుకుపోనివి. దాంట్లో రెండో మూడో పాట ఏయనివి ఉండొచ్చు. మణి పాడింది ఒక్కటైనా దొరక్కుండా పోతుందా? సుమిత కంప్యూటర్‌లోకి ఎక్కించాల. దానికి ఏదో పుల్ల అమ్ముతారంట, చూసి చెప్పమను."

వేలూరులో ఒక స్టూడియోవాళ్ళు ఆ పని చేసిస్తారట. నలభై క్యాసెట్లకు వాళ్ళు చెప్పిన రేటు విని బావ నీళ్ళు తాగాడు. పైగా నెల పడుతుందన్నారు. అందుకని సొంతంగా చేయడమే మేలని తేల్చుకున్నాడు. అక్కడి నుంచి మొదలయ్యాయి మా తిప్పలు.

మొదటి పుల్ల ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవకది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, ఒక కొసన కంప్యూటర్‌కు గుచ్చాలి, ఇంకో కొసన పసుపు, తెలుపు, ఎరుపు తీగలు. దాంతో పాటు పంపిన చిన్న సీడీ సుమిత లాప్‌టాప్‌లో పెట్టడానికి చోటే లేదు. ఎలాగో ఎక్కించాక బొమ్మ ఎగిరింది, మాట ఒకటైతే పెదాలు ఇంకొకటి. రెండోది టీవీకి తగిలించే డబ్బా. అందులో మనుషులందరూ పక్కకు లాగినట్టు లావుగా కనిపించారు. మా పెద్దత్తను చూసి గుర్తుపట్టలేకపోయాం. బావ రెండిటినీ పెట్టెలో పెట్టి తిట్టుకున్నాడు. ఇంతలో ఆయన పాత డెక్ కూడా క్యాసెట్ నమలడం మొదలుపెట్టింది.

చివరికి తొరపాడిలో రిపేరు దుకాణం నడిపే జయకుమార్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. యాభై దాటిన మనిషి, చనిపోయిన టీవీల మధ్య కూర్చుని ఉంటాడు, ఎవరొచ్చినా తొందరపడడు. బావ చెప్పిందంతా విని నవ్వాడు.

"సార్, పుల్లకు ముందు డెక్ చూసుకోవాల. డెక్ ఇచ్చేదే పుల్ల పట్టుకుంటాది. మీ డెక్‌లో సౌండు తీగ గుచ్చేదానికి ఒక్కటే ఓట, రబ్బరు కూడా కరిగిపోయింది. నా తావ మంచిది ఒకటుండాది, పెళ్ళి అయ్యేదాకా పెట్టుకోండి. బూజు పట్టిన క్యాసెట్లు మాత్రం దాంట్లో పెట్టొద్దు, ముందు నాకు తెచ్చియ్యండి, తుడిచిస్తాను."

"పుల్ల ఏది కొనేది?" అన్నాడు బావ.

"ఖరీదుది అవసరం లేదు. మరీ అగ్గువది వద్దు. బొమ్మతో పాటు సౌండు కూడా అదే తీగలో రావాల. కంప్యూటర్‌కు సీడీ అడక్కూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వాపసు తీసుకునే కడలో కొనండి." అని ఒక కాగితం మీద రెండు పేర్లు రాసిచ్చాడు. "కొన్న వెంటనే మీకు బాగా తెలిసిన క్యాసెట్ ఒకటి పెట్టి చూడండి. యాడ ఏ బొమ్మ, యాడ ఏ పాట అనేది మీకు నోటికి వచ్చుండాల. అప్పుడే పుల్ల తప్పు తెలుస్తాది."

నేతాజీ మార్కెట్ వైపు ఒక దుకాణంలో ఆ రెండు పేర్లలో తక్కువ ధరది దొరికింది. ఏడు రోజుల్లో బాగా లేదంటే వాపసు తీసుకుంటామన్నారు. బాగా తెలిసిన క్యాసెట్ ఏదంటే బావ నా పెళ్ళి క్యాసెట్ అడిగాడు. అది నా బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది కాబట్టి బూజు లేదు. అందులో ప్రతి పాటా ఆయన తన చేత్తో వేసిందే. డెక్, పుల్ల, క్యాసెట్, సుమిత పాత లాప్‌టాప్, అన్నీ సంచుల్లో సర్దుకుని బస్సెక్కాడు.

సరిగ్గా ఏడో రోజు పొద్దున పదిన్నరకు మా గేటు చప్పుడైంది. బావ. చెమట కారుతోంది, చేతిలో సంచులు, ముఖం మాడిపోయి ఉంది.

"నేరుగా కడకే పోయేవాడిని. బిల్లు నీ తావ ఉండిపోయింది," అన్నాడు. "పనికిరాదమ్మా ఇది. ఏడు రోజులు కుస్తీ పట్టినాను. బొమ్మ అద్దంలా ఉండాది. పాట మాత్రం రాదు. నీ పెండ్లిలో మొదట్లో నేనేసిన పాట లేదా, మంగళవాద్యం పాట, అది పోయింది. ఒట్టి గోల వస్తాది."

"ఏం గోల?"

"ఏమో. జనం గోల. రెండు నిమిషాలు చూసి ఆపేస్తాను. తీగ మార్చినాను, ఎరుపు తెలుపులో, తెలుపు ఎరుపులో పెట్టినాను. అదే గోల. మీ అక్క వంటింట్లో నుంచి వచ్చి చూసేలోపల ఆపేస్తాను. ఏం చూపించేది ఆమెకు?"

బిల్లు వెతకడానికి లేచాను. సుమిత ఆ రోజు ఇంట్లోనే ఉంది. వాపసు ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని లాప్‌టాప్ తెరిచి, ఆయన ఎక్కించిన ఆ రెండు నిమిషాల ముక్కను పెట్టింది. నేను బీరువా ముందు ఉన్నాను, వీపు వాళ్ళ వైపు తిప్పి.

వెనక నుంచి మా నాన్న గొంతు వినపడింది. "ఆకులేసినారా? ఏయకపోతే ఏంటికి నిలబడినారు?"

మా నాన్న పోయి పంతొమ్మిదేళ్ళు. అప్పుడే దొరికిన బిల్లు కిందపడింది. తిరిగి చూస్తే తెర మీద మా పందిరి, మేళం, ఎవరో పిల్ల ఏడుపు, మా అత్తగారు కాఫీ చల్లారిపోయిందని గొణుక్కోవడం. ముప్పై ఏళ్ళుగా ఆ బొమ్మ చూస్తున్నాను. దాంట్లో మనుషులు పెదాలు కదపడం చూశానే తప్ప ఒక్క మాటా వినలేదు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాను.

"చూసినావా," అన్నాడు బావ, "పాట రాలేదు."

"బావా," అన్నాను, "ఈ గోల మా పెళ్ళిది."

ఆయనకు అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు. సుమిత జయకుమార్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అతను అంతా విని అడిగాడు.

"సార్, మీరు తీసిన కెమెరా హైఫైదా?"

బావ ముఖం చూడాలి మీరు. ముప్పై మూడేళ్ళుగా ఊరంతా తనను పిలుస్తున్న పేరును ఎవరో కొత్తగా అడుగుతున్నట్టు నోరు తెరిచాడు. "అవును," అన్నాడు మెల్లగా.

"అదీ సంగతి. హైఫై కెమెరా సౌండును టేపులో రెండు తావుల రాస్తాది. ఒకటి అంచున, ఒకటి బొమ్మ కింద. మీరు మామూలు డెక్‌లో పాట ఏసినప్పుడు అంచున ఉండేదే చెరిగింది. బొమ్మ కింద ఉండేదాన్ని బొమ్మ చెరపకుండా ఎవరూ చెరపలేరు. ఊర్లో అందరివీ మామూలు డెక్కులు, అవి అంచునే చదువుతాయి. నేనిచ్చింది హైఫై డెక్. అది కింద ఉండేది చదివింది. పుల్ల దేన్నీ పోగొట్టలేదు సార్, ఉండేదే ఇచ్చింది. ఒక మాట, ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చినవాట్లో ఇది ఉండదు. తీసిన క్యాసెట్ మీదే పాట ఏసినవాట్లోనే ఉంటాది."

అంటే ఒక క్యాసెట్ పెళ్ళిళ్ళలో. లేనివాళ్ళ పెళ్ళిళ్ళలో. నా పెళ్ళిలో. బావ పిసినారితనాన్ని ముప్పై ఏళ్ళు తిట్టిపోశాను, ఇప్పుడు మా నాన్న గొంతును కాపాడింది ఆ పిసినారితనమే.

"నా పెళ్ళి కుండలకు పాడింది అక్కే," అన్నాను. అమ్మకు అక్కలు లేరు. పెద్దమ్మ చోట అక్కే పాడింది.

పుల్ల వాపసు ఇవ్వలేదు. ముగ్గురం పన్నెండు గంటల బస్సెక్కాం. పళ్ళికొండ దాటేదాకా బావ సంచి ఒళ్ళోంచి దించలేదు. తర్వాత అన్నాడు, "ఉంటుందంటావా నళినీ? కుండల కాడ నేను కెమెరా ఆపి ఉంటే? బ్యాటరీ కోసం ఆపేవాడిని ఒక్కోసారి." నాకూ అదే భయంగా ఉంది. ఉంటుంది బావా అన్నాను.

ఇంటికి చేరేసరికి అక్క వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మా ముగ్గురి ముఖాలు చూసి ఏమైందని చేత్తోనే అడిగింది. ఏమీ లేదు, కూర్చో అన్నాం. సుమిత తీగలు తగిలించింది. క్యాసెట్ నేను పెట్టాను. ముందుకు తిప్పుతూ వెళ్ళాం. పసుపు దంచడం, నలుగు, వీధిలో మేళం. కుండలు వస్తున్నాయి. మేనత్త తలమీద పెద్ద కుండ, వెనక ముగ్గురు. గడప ముందు ఆగారు. అక్కడ ముప్పై ఏళ్ళుగా ఒక డ్యూయెట్ మోగుతోంది. సుమిత మామూలు వేగానికి తెచ్చింది.

మేళం ఆగింది. ఎవరో దగ్గారు. తర్వాత అక్క పాడింది.

ముప్పై రెండేళ్ళ అక్క, నల్లంచు పసుపు చీర, పూలు కొంచెం పక్కకు జారి ఉన్నాయి. గొంతు నిండుగా, ఎక్కడా తడబడకుండా, మెల్లంగ దించవే మేనత్త అని. మా తాత పేరు వచ్చేసరికి రాగాన్ని లాగి, నాన్నమ్మ పేరు దగ్గర టక్కున ఆపి, మళ్ళీ అందుకుంది. రాగం ఎటు తిరుగుతుందో అప్పుడు తెలిసింది నాకు. వసారాలో అక్క చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తల మాత్రం చిన్నగా ఊగుతోంది. పాట అయింది. మేనత్త కుండ దించింది. ఆడవాళ్ళు నవ్వారు.

సుమిత ఆపబోయింది. ఇంతలో తెర మీది అక్క నేరుగా కెమెరా వైపు తిరిగింది.

"ఇదో, ఏమప్పా, దీని మీద కూడా సినిమా పాట ఏస్తావా?"

కెమెరా వెనక నుంచి, అందరి గొంతులకంటే దగ్గరగా, పెద్దగా, ముప్పై నాలుగేళ్ళ మా బావ గొంతు వచ్చింది.

"ఏయనులే మణీ. నీ పాట యాడికీ పోదు."

సుమిత లాప్‌టాప్ ఆపేసింది. బావ నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏసినాను మణీ," అన్నాడు. "వారంలోనే ఏసినాను. మాట ఇచ్చింది కూడా మర్చిపోయినాను. పాట ఏసేటప్పుడు సౌండు పెట్టి వినను కదా, బొమ్మ ఒక్కటే చూసుకునేవాడిని. వినలేదు మణీ." ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను. చూడలేక ముఖం తిప్పుకున్నాను.

అక్క లేచి ఆయన పక్కన కూర్చుంది. "నాకు గుర్తుండాది," అంది ఆ గుసగుసలోనే. "ఆ క్యాసెట్ మొదటిసారి ఏసినప్పుడు నీ మీద బో కోపమొచ్చింది. రెండు నాళ్ళు నీకు కూడు పెట్టలేదు. ఏంటికని కూడా అడగలేదు నువ్వు." కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "పోనీలే. యాడికీ పోలేదు కదా. నువ్వు చెప్పినట్టే ఉండాది."

తర్వాత సుమితకు చెయ్యి చూపించింది, మళ్ళీ పెట్టమని.

నాలుగు ఆదివారాలు నేను ఆ పాటతో కుస్తీ పట్టాను. ఫోన్‌లోకి ఎక్కించిన అక్క పాట వెనకే పాడటం, తప్పినచోట పక్కన కూర్చున్న అక్క నా తొడ మీద చరచడం. నా తొడ ఎర్రబడేది. ఈలోగా బావ అటక మీది నలభైలో ఒక క్యాసెట్ పెళ్ళిళ్ళన్నీ ఏరి, జయకుమార్ చేత తుడిపించి, రోజుకొకటి ఎక్కించాడు. ఇంకో ఆరు చోట్ల అక్క పాట దొరికింది. ఆ ఇళ్ళవాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళ ముసలివాళ్ళ మాటలు వాళ్ళకు పంపించాడు. ఇప్పుడు పేర్నంబట్టు నుంచి, నాట్రంపల్లి నుంచి కూడా పాత క్యాసెట్లు తెస్తున్నారు. ఈయన అడిగే మొదటి ప్రశ్న, "మీది ఎన్ని క్యాసెట్ల పెండ్లి?" ఒకటే అంటే ముఖం వెలిగిపోతుంది.

సుమిత పెళ్ళి వీడియో తీసింది దినకర్ అని ఆంబూరు మనిషి, మంచి పనివాడు. కుండలు వచ్చే వేళకు నా చీర కొంగుకు చిన్న మైకు గుచ్చి, తను దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. గడప ముందు అత్తలు నలుగురు కుండలతో ఆగారు. నా గొంతు గురించి మా ఇంట్లో ఎవరికీ భ్రమల్లేవు. అక్క వచ్చి నా భుజానికి ఆనుకుని నిలబడింది. పాట ఎత్తుకున్నాను.

మా నాన్న పేరు వచ్చేచోట తడబడ్డాను. అక్క నోరు నా చెవి దగ్గర కదిలింది. గాలి తప్ప నాకేమీ వినపడలేదు గానీ, రాగం దారి తెలిసింది. మిగతా పాట గట్టెక్కించాను. మధ్యలో ఒకసారి చూస్తే బావ దినకర్ పక్కన ఉన్నాడు. దినకర్ చెవులకు పెట్టుకున్నవి అడిగి తీసుకుని తన చెవులకు పెట్టుకున్నాడు. నిమిషం సేపు అలాగే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కుండలు దిగాయి, అత్తలు మెడలు తడుముకున్నారు.

భోజనాల దగ్గర బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎలా పాడాను అని అడిగాను.

"నువ్వు పాడింది ఏమంత బాగలేదు నళినీ," అన్నాడు. "దాని కింద మణి పాడతా ఉండాది. అంతా వినిపించింది."